రెండు సెంటీమీటర్ల చేపకి ఇరుగుపొరుగు: నానో రీఫ్ ట్యాంకు డైరీ

అక్టోబర్: ట్యాంకు ఎవరి కోసం

రీఫ్ అంటే సముద్రంలోని పగడపు దిబ్బ, కోరల్ అంటే పగడం. అలాంటి దిబ్బని బుల్లిగా ఇంట్లో పెంచే గాజు తొట్టే ఈ ట్యాంకు, 20 గ్యాలన్ల లాంగ్ అనే పొడుగు రకం. 30 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు. లీటర్లలో 75 పైచిలుకు, రాళ్లూ ఇసుకా పోను నీళ్లు అరవైకి అటూ ఇటూ. మేముండేది డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో, అపార్ట్‌మెంట్లో, ఇంతకంటే పెద్దది పెడతానంటే లీజు ఒప్పుకోదు. ఒప్పుకున్నా పెట్టను, ఎందుకంటే నేను పెంచాలనుకున్న చేప పెద్ద ట్యాంకులో వేస్తే మళ్లీ కంటికి కనపడదు.

ఈ సైజు ఉప్పునీటి ట్యాంకులో మామూలుగా అందరూ వేసేది ఒక జత ఓసెల్లారిస్ క్లౌన్ చేపలు, ఒక రాయల్ గ్రామా చేప, ఒక క్లీనర్ ష్రింప్ అనే రొయ్య. శుభ్రంగా బతుకుతాయి, చూడ్డానికీ బాగుంటాయి, వాటితో నాకేం పేచీ లేదు. నాకు మాత్రం ట్రిమ్మా గోబీలు కావాలి. క్యాండీకేన్ పిగ్మీ గోబీ అని అమ్ముతారు, శాస్త్రీయ నామం ట్రిమ్మా కానా. ఎంత ఎదిగినా అంగుళం, లేత ఒంటి మీద ఎర్రటి అడ్డ పట్టీలు, తలకి మించిన కళ్లు. దుకాణంలో కొనేటప్పుడు రెండు సెంటీమీటర్లు ఉంటే గొప్ప.

అసలు సముద్రంలో వీటి పని ఏంటో తెలిస్తే తోడు చేపల ఎంపిక ఎందుకింత కష్టమో అర్థమవుతుంది. రీఫ్ సందుల్లో దాక్కుని బతికే ఇలాంటి బుల్లి చేపల మీద 2019లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది: రీఫ్ మీద తినబడే చేప మాంసంలో దాదాపు 60 శాతం ఈ బుల్లివాటిదేనట. అంటే రీఫ్ మొత్తానికీ రోజువారీ తిండి ఇవే. ట్రిమ్మాకి దగ్గరి చుట్టం ఎవియోటా అని ఇంకో బుల్లి గోబీ ఉంది, అందులో సిజిల్లాటా అనే రకం గరిష్ఠంగా 59 రోజులే బతుకుతుందని 2005లో గ్రేట్ బారియర్ రీఫ్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు చెవి ఎముకల్లో రోజువారీ గీతలు లెక్కపెట్టి తేల్చారు. పుట్టడం, పెరగడం, గుడ్లు పెట్టడం, ఎవరి నోట్లోనో పడటం, అన్నీ రెండు నెలల్లోపే. అందుకే నేను ఎవియోటా జోలికి పోలేదు, బుల్లి చేపే కావాలి గానీ మరీ రెండు నెలల చుట్టం వద్దు.

కాబట్టి ఇక్కడ "పీస్‌ఫుల్" అని లేబుల్ ఉన్న చేపని నమ్మడానికి లేదు. ఆ లేబుల్ అర్థం తన సైజు చేపతో కొట్లాడదు అని మాత్రమే. తన నోట్లో పట్టేదాన్ని మింగదు అని కాదు.

అక్టోబర్ చివర: కొట్టివేతలు

ఒక ఎక్సెల్ షీటు తెరిచి మనసులో ఉన్నవన్నీ రాసి, ఒక్కోదాన్నీ మూడు రకాలుగా చూశాను. దీని నోట్లో ట్రిమ్మా పడుతుందా? తిండి దగ్గర ట్రిమ్మా కంటే ఎంత చురుకు? లైట్లు ఆరిపోయాక ఏం చేస్తుంది? మొదటిది అందరూ చూస్తారు. రెండోదే ఎక్కువ చేపల్ని చంపుతుందని నా అభిప్రాయం. కరిచి చంపే చేప దొరికిపోతుంది, రెక్కలు చిరిగి కనపడతాయి. పక్కవాడి కూడు లాక్కుని చంపేది దొరకదు, ఒక రోజు ట్రిమ్మా కనపడదు, "ఏమైందో పాపం" అనుకుంటాం.

ఓసెల్లారిస్ క్లౌన్: మా అమ్మాయి మొదట అడిగింది ఇదే. ఆడది మూడంగుళాలు దాటుతుంది, జత కుదిరాక ట్యాంకులో ఒక మూల తమదేనంటుంది, ముప్ఫై అంగుళాల ట్యాంకులో ఒక మూల అంటే సగం ట్యాంకు. కొట్టివేత. అమ్మాయికి చెప్పే బాధ్యత నాదే.

బాంగాయ్ కార్డినల్ మీద కాస్త ఆశ ఉండేది. కదలకుండా, గొడవ లేకుండా ఒక చోట వేలాడుతుంది, హ్యాచరీలో పుట్టినవి దొరుకుతాయి, ఇండోనేషియాలోని బాంగాయ్ దీవుల్లో అడవి జాతి ప్రమాదంలో పడిందని ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2007లోనే జాబితాకెక్కించింది కాబట్టి హ్యాచరీది కొనడంలో కొంచెం తృప్తి కూడా. కానీ ఆ నోరు చూడండి. మగది గుడ్లని, పిల్లల్ని కూడా నోట్లో పెట్టుకుని మోసే జాతి, నోరు తెరిస్తే ముఖం సగం నోరే.  మొదటి ప్రశ్నకే ఫెయిల్.

సిక్స్‌లైన్ రాస్ గురించి రెండో ఆలోచన లేదు. రోజంతా రాయి రాయికీ తిరిగి కోపెపాడ్లు అనే చుక్కంత నీటి పురుగుల్ని ఏరుకుని తింటుంది, అవే ట్రిమ్మాల టిఫిను. అది చాలక కొత్తగా వచ్చిన ప్రతి చిన్న చేపనీ తరుముతుంది. డాటీబ్యాక్ ఇంకా రౌడీ. రాయల్ గ్రామా మంచిదే గానీ రాతి అంచు కింద తలకిందులుగా ఉండే అలవాటు దానిదీ, ట్రిమ్మాదీ ఒకటే. ఒకే ఇంటికి ఇద్దరు అద్దెకి దిగితే, అందులో ఒకడు ఇంకొకడికి మూడింతలుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

చేపలు కానివాటిని కూడా ఇదే షీటులో పెట్టాను, చాలామంది వదిలేసేది అక్కడే. కోరల్ బ్యాండెడ్ ష్రింప్ పొడుగాటి చేతుల్తో నిద్రపోయే చిన్న చేపని పట్టేస్తుంది. నక్షత్ర చేపకి చుట్టమైన గ్రీన్ బ్రిటిల్ స్టార్ రాత్రిపూట ఒళ్లు పైకెత్తి చేతుల మధ్య గుహలా చేసి, దాక్కోవడానికి వచ్చిన చేప మీద మూత వేసేస్తుంది. ఎమరాల్డ్ క్రాబ్ పాచి తిన్నన్నాళ్లు తింటుంది, తర్వాత దాని ఇష్టం. పువ్వులా కనపడి కుట్టే అనిమోనీ అసలే వద్దు, ఏ రకమైనా సరే, దారి తప్పి దాని మీద వాలిన అంగుళం గోబీ ఇక లేవదు. ఎలిఫెంట్ ఇయర్ అని పళ్లెమంత పెరిగే మష్రూమ్ కోరల్ ఉంది, అది కూడా అంచులు దగ్గరికి లాగి సంచీలా మూసుకుని లోపలున్న చేపని తినేస్తుంది. కోరల్ చేపని తినడమేంటి అని మా ఆవిడ నమ్మలేదు, వీడియో చూపించాల్సి వచ్చింది.

నవంబర్: రాళ్లు, నీళ్లు, ఒక అద్దెకున్నవాడు

నీళ్ల సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎవరి ట్యాంకులోనైనా అదే కథ. ఆర్‌ఓ నీళ్లు, సాల్ట్ మిక్స్, ఉప్పు చిక్కదనం, అంటే స్పెసిఫిక్ గ్రావిటీ, 1.025, వేడి 78 ఫారెన్‌హీట్. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చి నైట్రేట్ కనపడేదాకా, అంటే వ్యర్థాన్ని అరిగించే బాక్టీరియా కుదురుకునేదాకా చేప లేదు. ఫిల్టర్ నీళ్లు లాగే గొట్టానికి స్పాంజి తొడిగాను, పంపు జాలీకి కూడా. ఆ జాలీ సందులోంచి చిటికెన వేలు పోకపోవచ్చు, ట్రిమ్మా పోతుంది.

రాళ్లు దాదాపు అన్నీ పొడి రాళ్లే. ఒక్క ముక్క మాత్రం ఫ్లోరిడాలో సముద్రంలో పెంచి అమ్మే లైవ్ రాక్ తెప్పించాను, చిన్న చిన్న పురుగులు, స్పాంజిలు, కోపెపాడ్లు వస్తాయని. వాటితో పాటు ఎవరొస్తారో తెలీదు కాబట్టి ఆ ముక్కని తిన్నగా ట్యాంకులో వెయ్యకుండా, హీటరు, చిన్న పంపు పెట్టిన బకెట్లో విడిగా ఉంచాను. రాత్రి ఎర్ర లైటు వేసి చూస్తుంటే ఒక కన్నంలోంచి వెంట్రుకల కాళ్లు, నల్లటి కొసలున్న గిట్టలు. గొరిల్లా క్రాబ్ అని ఇక్కడివాళ్లు పిలిచే రకం. వేలి గోరంత ఉంది, పెరిగితే చేపల్ని పట్టే బాపతు. పట్టడం తేలికే: సన్నటి గాజు గ్లాసులో చిన్న రొయ్య ముక్క వేసి, అంచు రాయికి ఆనేలా ఏటవాలుగా పెట్టి, లైటార్పేస్తే చాలు. రాయి మీంచి గ్లాసులోకి దిగుతుంది, నున్నటి గాజు మీద కాలు ఆనక పైకి రాలేదు. పొద్దున్న గ్లాసు అడుగున కూర్చుని రొయ్య ముక్కని గట్టిగా వాటేసుకుని ఉంది, పట్టుబడ్డానన్న చింతే లేదు. కొన్న షాపువాళ్లకే ఇచ్చేశాను, వాళ్ల ఫిల్టరు తొట్టి అయిన సంప్‌లో వేసుకున్నారు.

బ్రిసిల్ వార్ములు కూడా వచ్చాయి. వాటిని ఉంచేశాను. చాలామంది చూడగానే హడలిపోతారు గానీ అవి మిగిలిపోయిన తిండి తినే పాకీ పనివాళ్లు, బతికున్న చేప జోలికి రావు. చచ్చిన చేప పక్కన కనపడితే హత్య వాటి మీద వేస్తారు.

డిసెంబర్: ముందు వంటిల్లు

చేప కంటే ముందు తిండి సిద్ధం చెయ్యాలి. ట్రిమ్మా పెల్లెట్ (ఎండు గుళికల తిండి) తినదని కాదు, కొన్నాళ్లకి నలిపిన పొడి అలవాటవుతుంది. కానీ షాపులో పస్తులుండి వచ్చిన రెండు సెంటీమీటర్ల చేపకి మొదటి వారాల్లో కదిలే తిండి కావాలి, దాని నోటికి సరిపోయేది కావాలి. అంటే ఆర్టీమియా అనే ఉప్పునీటి బుల్లి రొయ్యకి అప్పుడే పుట్టిన పిల్లలు, వాటినే నాప్లి అంటారు, అర మిల్లీమీటరు కూడా ఉండవు.

ఈ విషయంలో నాకు దొరికినంత మంచి గురువు ఈ ఊళ్లో ఎవరికీ ఉండడు. మా మేనత్త కొడుకు కాకినాడ అవతల తొండంగి తీరంలో రొయ్యల హ్యాచరీలో టెక్నీషియను. వనామీ రొయ్య పిల్లలు మైసిస్ అనే లార్వా దశకి రాగానే వాటికి పెట్టేది ఈ ఆర్టీమియానే, డబ్బాల కొద్దీ. చాలా డబ్బాల మీద ఉండేది యూటాలోని గ్రేట్ సాల్ట్ లేక్ పేరు. ఇక్కడి సరస్సులో ఏరిన గుడ్లు అక్కడ మన తీరంలో పొదిగి రొయ్యలకి పెడుతుంటే, నేను ఇక్కడుండి ఎలా పొదగాలో అక్కడికి ఫోన్ చేసి అడుగుతున్నాను.

"ఏరా, సాఫ్ట్‌వేర్ మానేసి హ్యాచరీ పెట్టావేంట్రా?" అన్నాడు బావ.

"ఐదు చేపలు బావా, అంతే."

"ఐదు చేపలకి ఆర్టీమియానా! ఇక్కడ మేం ట్యాంకుకి లక్షల్లో లెక్కేస్తాం. సరే, సీసా ఏది?"

సోడా సీసా అడుగు కోసి తలకిందులుగా బిగించి చూపించాను. వీడియోలో చూస్తూ అన్నీ సరిచేశాడు. గాలి గొట్టం మూతి దాకా, అంటే అట్టడుక్కి దింపాలి. "గాలి తగ్గితే గుడ్లు అడుక్కి దిగిపోతాయి, దిగినవి హ్యాచ్ అవ్వవు." ఉప్పు 25 పీపీటీ (వెయ్యి వంతుల్లో 25) చాలు, ట్యాంకు నీళ్లంత చిక్కగా అక్కర్లేదు. వేడి 28 సెల్సియస్, పైన లైటు. ఒక రోజు తిరిగేసరికి నీళ్లు నారింజ రంగుకి తిరుగుతాయి. అప్పుడు గాలి ఆపి కాసేపు ఆగితే పెంకులు పైకి తేలతాయి, పొదగనివి అడుగున పేరుకుంటాయి, పిల్లలు వెలుగు వైపు వస్తాయి కాబట్టి సీసా పక్కన టార్చి పెట్టి అక్కడినుంచి సన్నటి గొట్టంతో లాగాలి. పెంకులు కలిస్తే బుల్లి చేపల పేగుల్లో అడ్డం పడతాయి, అందుకని ఈ వేరు చెయ్యడంలో బద్ధకించకూడదని మరీ మరీ చెప్పాడు. ఇంకోటి: పుట్టిన కొన్ని గంటల్లోనే పెట్టెయ్యాలి, ఎందుకంటే ఒంట్లో ఉన్న పచ్చసొనే దాని బలం, ఆలస్యమయ్యేకొద్దీ అది కరిగిపోయి చేప తినేది ఉత్త నీళ్లతో సమానం. మిగిలినవి ఫ్రిజ్‌లో పెడితే చల్లదనానికి ఆ కరగడం నెమ్మదిస్తుంది.

దీనికి తోడు టిస్బే కోపెపాడ్ల కల్చరు ఒక సీసా ట్యాంకులో రాళ్ల మధ్య వదిలాను, లైట్లార్పి, పంపు ఆపి. వాటికి తిండిగా ఫైటోప్లాంక్టన్ అనే ఆకుపచ్చటి సన్న పాచి రెండు రోజులకోసారి. కొన్ని వారాలకి గాజు మీద తెల్లటి చుక్కలు పాకడం కనపడింది. ట్యాంకులో ఇంకా చేప లేదు, మా అమ్మాయి "నాన్నా, ఖాళీ ట్యాంకుకి రోజూ అన్నం పెడుతున్నావ్" అని వాళ్ల ఫ్రెండ్సందరికీ చెప్పేసింది.

జనవరి: ట్రిమ్మాలు

ఐదు వచ్చాయి. ముందు కొన్ని వారాలు విడి ట్యాంకులో, నాలుగైదు పీవీసీ ముక్కలతో, తిండి తింటున్నాయా, ఒంటి మీద మచ్చలున్నాయా చూస్తూ. పరాన్నజీవులకి వేసే కాపర్ (రాగి) మందు వెయ్యలేదు. ఇంత చిన్న గోబీలకి ఆ డోసు దగ్గర తేడా వస్తే జబ్బు కంటే మందే ముందు చంపుతుంది, కాబట్టి లక్షణం కనపడితేనే అనుకున్నాను, కనపడలేదు. తర్వాత అసలు ట్యాంకులోకి. అన్నిటికంటే చిన్నవి అన్నిటికంటే ముందు వెళ్లాలన్నది ఈ ప్రాజెక్టులో నేను మార్చని రూలు. చోటు వాటికి అలవాటై, ఏ కన్నం ఎవరిదో తేల్చుకున్నాక వచ్చినవాడు ఎంత పెద్దవాడైనా కొత్తవాడే.

దగ్గరగా కూర్చుని చూస్తే తప్ప అర్థం కాని విషయం ఒకటుంది. రాతి అంచు కింద, కడుపు రాయి వైపు తిప్పి తలకిందులుగా నిలబడి ఉంటాయి, ఒక్కోటి ఒక్కో చోట, మధ్యలో రెండంగుళాల ఎడం. పిపెట్‌తో నాప్లి వదిలితే నారింజ పొగలాగా నీళ్లలో సాగుతూ వస్తుంది. అప్పుడు ఒళ్లు కదలదు, కళ్లు మాత్రం కదులుతాయి, ఒక్కో కన్ను విడివిడిగా ఒక్కో నాప్లిని పట్టుకుంటున్నట్టు. అది అంగుళం దూరానికి రాగానే ఒక్క తోక విసురు, మళ్లీ పాత చోటే. మూడంగుళాల అవతల ఎన్ని పోతున్నా పట్టించుకోదు. వెంటపడి తినే చేప కాదిది, దగ్గరికి వచ్చినదాన్నే తింటుంది. ఈ ఒక్క అలవాటు చూశాక నా షీటులో ఇంకో నాలుగు పేర్లు ఎగిరిపోయాయి. నీళ్ల మధ్యలో ఈదుతూ తినే ఏ చురుకైన చేప ఉన్నా, ఆ పొగ రాతి అంచు దాకా రాకముందే అయిపోతుంది.

ఐదింటిలో ఒకటి కాస్త పెద్దది, అదే పెత్తనం. ఈ జాతి చుట్టాల్లో ట్రిమ్మా ఒకినావే అనేదాంట్లో ఆడది మగదవ్వడం, మగది మళ్లీ ఆడదవ్వడం రెండూ జరుగుతాయని జపాన్ వాళ్లు ఎప్పుడో చూపించారు, కాబట్టి జత కుదురుతుందా అన్న టెన్షన్ పెట్టుకోలేదు.

ఫిబ్రవరి: వద్దన్న బహుమతి, తెచ్చుకున్న గోబీ

ఫ్రిస్కోలో ఉండే ఫ్రెండు తన ట్యాంకు తీసేస్తూ క్లీనర్ ష్రింప్ ఇస్తానన్నాడు. "ఫ్రీ బాస్, తీసుకెళ్లు, నీ ట్యాంకులో ఒక్క ష్రింప్ లేదు." చూడ్డానికి వెళ్లాను. అందంగా ఉంది, రెండంగుళాలు దాటింది, తెల్లటి మీసాలు ట్యాంకు సగం దాకా. అతను ఒక కోరల్‌కి మైసిస్ (తిండిగా అమ్మే బుల్లి రొయ్య లాంటిది) ముక్క పెట్టాడు. కోరల్ నోరు మూసుకుంటుంటే ఈ రొయ్య దాని మీదెక్కి, లోపలికి చెయ్యి పెట్టి, మింగబోతున్న ముక్కని బయటికి లాగి తినేసింది. చేపని చంపే జంతువు కాదు, ఒప్పుకుంటాను. కానీ నేను పిపెట్ ముంచిన ప్రతిసారీ ఇది రాయెక్కి నా చేతి మీదికి వస్తుంది, ట్రిమ్మాలు లోపలికి దూరతాయి. థాంక్స్ చెప్పి వచ్చేశాను. పెప్పర్‌మింట్ ష్రింప్ కూడా ఇదే లెక్కన వద్దనుకున్నాను, దానికైతే రాత్రి తిరుగుడు అదనం.

బదులు సెక్సీ ష్రింప్ మూడు తెచ్చాను. అంగుళం లోపు, తోక పైకెత్తి ఊపుకుంటూ ఒకే చోట ఉంటాయి, ఆకలేస్తే జోవాంథిడ్ కోరల్‌ని గిల్లుతాయంటారు గానీ తిండి అందుతున్నన్నాళ్లు నా దగ్గర ఆ గొడవ రాలేదు.

అలాగే ఒక ఎల్లో క్లౌన్ గోబీ. గోబియోడాన్ ఒకినావే, అంగుళంన్నర, నిమ్మపండు పసుపు. దీని మీద నాకు గురి కుదరడానికి కారణం, ఒంటికి పొలుసు లేదు, చర్మం మీద చేదు విషపు జిగురుంటుంది, అందుకే పెద్ద చేపలు దీన్ని నోట్లో పెట్టుకోవు, ఆ ధైర్యంతోనే ఇది కొమ్మ మీద అందరికీ కనపడేలా కూర్చుంటుంది. నోరు చిన్నది. ఎక్కడ కూర్చుంటుందో అక్కడే తింటుంది. ట్రిమ్మాలు రాతి కింద, ఇది గోర్గోనియన్ అనే చెట్టులాంటి కోరల్ కొమ్మల మీద, ఒకరి దారికి ఒకరు రారు. అక్రోపోరా లాంటి గట్టి కోరల్స్ ఉన్నవాళ్లకి ఇది తలనొప్పి, వాటి పాలిప్స్ అనే మెత్తటి మొగ్గల్ని కొరుకుతుంది. నా దగ్గర అవి లేవు, ఇక పెట్టేదీ లేదు. ఒకటే తెచ్చాను, ఇదే జాతివి రెండుంటే సరిపడకపోవచ్చు.

మార్చి: అడుగంతస్తు

ఇసుక ఖాళీగా ఉంది. ఒకే సొరంగంలో కలిసి బతికే యాషా గోబీ, క్యాండీకేన్ పిస్టల్ ష్రింప్ జోడీ మీద మొదటినుంచీ కన్ను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పిస్టల్ ష్రింప్ అనగానే షాపుల్లో ముందు చూపించేది టైగర్ పిస్టల్, అది పెద్దది, గిట్ట విసురుకి బుల్లి గోబీ పక్కనుంటే కష్టం. ఆ గిట్ట టప్పున మూసుకున్నప్పుడు నీళ్లలో పుట్టి పగిలే బుడగే దాని ఆయుధం. నాకు కావలసిన క్యాండీకేన్ రకం ఆల్ఫియస్ రాండాల్లి, ఎరుపు తెలుపు చారల చిన్న రకం, అంగుళం పైన కాస్త.

ఇది ఇసుక తవ్వుతుంది కాబట్టి నవంబర్లోనే రాళ్లని ఇసుక మీద కాకుండా అడుగు గాజు మీద ఆనించి తర్వాత ఇసుక పోశాను. తవ్వుకున్నంత తవ్వుకోనీ, రాయి కూలదు. సన్న ఇసుకతో పాటు చిన్న గవ్వ ముక్కలు, కోరల్ ముక్కలు ఒక మూల పోశాను, సొరంగం కప్పుకి అవి కావాలి.

రెండిటినీ ఒకే మూల వదిలితే సాయంత్రానికల్లా కలిశాయి. రొయ్యకి చూపు అంతంత మాత్రం. రెండు గిట్టల్తో ఇసుకని ముందుకి నెట్టుకుంటూ బయటికొస్తుంది, అలా వచ్చినంతసేపూ ఒక మీసం గోబీ తోకకి ఆనించే ఉంటుంది. గోబీ గుమ్మంలో నిలబడి కాపలా. నేను గాజు దగ్గరికి వంగితే గోబీ తోక సన్నగా వణుకుతుంది, వెంటనే రొయ్య మోస్తున్న ముక్క అక్కడే పడేసి లోపలికి. ఇంకా దగ్గరికెళితే గోబీ కూడా తల ముందు పెట్టి దూకేస్తుంది. తిండి విషయంలో యాషా మొదట బాగా ఏడిపించింది, ఎదురుగా ఉన్నదాన్ని కూడా తినలేదు. మళ్లీ నాప్లినే ఆదుకుంది, పిపెట్ మూతి సొరంగం గుమ్మానికి ఎగువన పెట్టి నెమ్మదిగా వదిలితే వచ్చి తినడం మొదలెట్టింది.

ఈ మధ్య ఒక ట్రిమ్మా కింది రాతి నుంచి దిగి సొరంగం పక్కకి వచ్చింది. యాషా నోరు తెరిచి బెదిరించింది, ట్రిమ్మా వెనక్కి పోయింది, అంతే. వెంట తరమలేదు. నోరు తెరిచినప్పుడు కొలత చూశాను, యాషా నోట్లో ట్రిమ్మా తల కూడా పట్టదు.

మే: చివరి సీటు

ఇంకొక్క చేపకి చోటుంది, రెండు పేర్లు మిగిలాయి. గ్రీన్ బ్యాండెడ్ గోబీ, నియాన్ గోబీ. రెండూ కరీబియన్ వైపువి, రెండూ రెండంగుళాల లోపే. మనసు గ్రీన్ బ్యాండెడ్ మీదే ఉంది, ఆ ఆకుపచ్చ గీతలు అంత బాగుంటాయి. కానీ సముద్రంలో అది ఉండేది రాతి చీలికల్లో, అర్చిన్లు అనే ముళ్లబంతుల్లాంటి జీవుల కింద. అంటే ట్రిమ్మాల వీధిలోనే ఇల్లు, అదే నాప్లి తిండి. నియాన్ అలా కాదు, రాయి పైన నలుగురికీ కనపడేలా కూర్చుంటుంది, సముద్రంలో పెద్ద చేపల ఒంటి మీద పురుగులు ఏరే వృత్తి కదా, కనపడాలి మరి. హ్యాచరీలో పుట్టినది కావడంతో వచ్చిన రోజే నలిపిన పెల్లెట్ తింది, నాప్లి కోసం పోటీ లేదు. నియానే తెచ్చాను, ఒకటి. జత తెస్తే గుడ్లు పెట్టే కాలంలో చుట్టుపక్కల ఎవర్నీ నిలవనివ్వవు.

ఫైర్‌ఫిష్ తెమ్మని చాలామంది చెప్పారు. నోరు చిన్నది, కొట్లాడదు, నిజమే. అది నీళ్ల మధ్యలో నిలబడి వచ్చేదాన్ని వచ్చినట్టే అందుకుంటుంది, అంటే నా నారింజ పొగకి మొదటి వాటాదారు అదే. పైగా భయపడితే గాల్లోకి ఎగురుతుంది. సన్నటి జాలీ మూత ఉంది గానీ, పన్నెండు అంగుళాల ఎత్తు ట్యాంకులో రోజుకి ఎన్నిసార్లు తల కొట్టుకుంటుంది? వద్దు.

బావ కొడుకు కాకినాడలో ఇలాంటిదే పెడతానంటున్నాడు. వాడికి చెప్పింది రెండే: సముద్రం ఒడ్డున దొరికింది కదా అని కోరల్ ముక్క గానీ దాంతో ఉన్న రాయి గానీ ఇంటికి తేవొద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి కోరల్స్ అన్నీ షెడ్యూల్ ఒకటిలో ఉన్నాయి, పులికి ఎంత శిక్షో వాటికీ అంతే. రెండోది, కాకినాడ మే నెల ఎండలో నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేకుండా అరవై లీటర్ల నీళ్లు ఆగవు, ఇక్కడ నాకు ఏసీ ఆపితేనే 82 ఫారెన్‌హీట్ దాటుతోంది. ముందు హ్యాచరీలో పుట్టిన క్లౌన్ జతతో మొదలెట్టమన్నాను, మన దేశంలోనే సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ వాళ్లు వాటిని పొదిగించే పద్ధతి ఎప్పుడో రూపొందించారు. ఆర్టీమియా సంగతి వాడికి చెప్పక్కర్లేదు, ఇంట్లోనే ఉన్నాడు వాళ్ల నాన్న.

జులైలో మేం ఇండియా వెళ్తున్నాం, ఇప్పుడు నా బుర్రలో ఉన్నది అదొక్కటే. నియాన్, క్లౌన్ గోబీ ఆటో ఫీడర్‌తో నెట్టుకొస్తాయి. ట్రిమ్మాలు, యాషా అలా నెట్టుకురాలేవు. ఫ్రిస్కో ఫ్రెండు వచ్చి చూస్తానన్నాడు, అతనికి సీసాలు, టార్చీలు అంటగట్టలేను కాబట్టి గడ్డకట్టిన సైక్లాప్స్ (ఒక రకం కోపెపాడ్లు) అలవాటు చేస్తున్నాను, నాప్లిలో కొంచెం కొంచెంగా కలిపి. రెండు ట్రిమ్మాలు తింటున్నాయి, పెత్తందారు ఇంకా ఉమ్మేస్తోంది. ఒక్కో పూటకి సరిపడా సైక్లాప్స్ ఐస్ ట్రే గడుల్లో పోసి పెడతాను, కరిగించి పిపెట్‌తో ఎడమ రాతి అంచుకి ఎగువన, పంపు ఆపి వదలాలి, తర్వాత పంపు మళ్లీ వెయ్యాలి. ఈ చివరి మాట మాత్రం పెద్దక్షరాలతో రాసి ట్యాంకు మీద అంటించాలి.